ఏటిచెక్క వైను, ఒడెట్ పెళ్ళి

వెర్దులాక్ ద్రాక్షతోటలో నది వైపున్న మడిని, మేం ఏటిచెక్క అనేదాన్ని, ఒడెట్ సొంత బిడ్డలా చూసుకునేది. చలికాలం కత్తిరింపు, వసంతంలో తీగలు కట్టడం, ఎండల్లో ఆకు దూయడం అన్నీ ఆమె చేతుల మీదుగానే. పక్క చెక్కలో పని నాది. ఏటిచెక్కలో తీగలు ఇంకా లేతవి కావడంతో వాటి ద్రాక్ష ఏనాడూ పెద్ద వైనులోకి వెళ్ళలేదు. సీసా మీద తోట పేరుతో, కోట బొమ్మతో దేశదేశాలకూ వెళ్ళేది పెద్దది. దానికి తగదనుకున్న పీపాల్లోని వైనంతా కలిపి చేసేది చిన్నది. పెద్దదాన్ని కొన్నవాళ్ళు ఇరవై ఏళ్ళు దాచుకుని తాగుతారు. చిన్నది మూడు నాలుగేళ్ళకే నోటికి మెత్తగా తయారవుతుంది. క్రిస్మస్‌కి తోటవాళ్ళు మాకిచ్చేదీ అదే.

"నీ చెక్క బతుకంతా చిన్నదేనటే" అని నేను ఏడిపిస్తే, "పెద్దదాన్ని చూస్తూ కూర్చుంటారు, చిన్నదాన్ని తాగుతారు. నాకు తాగేవాళ్ళే కావాలి" అనేది ఒడెట్.

ఆమె భర్త పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. తోటకు పీపాలు కట్టే బాతిస్త్‌కు అసలు పెళ్ళే కాలేదు. అరవై దాటాక ఆయన మనసు ఒడెట్ మీదికి మళ్ళింది. పీపాలతో ఏ పనీ లేని చోటికి, ఏటిచెక్క గట్టు మీదికి, ఏదో సాకుతో వచ్చి నిలబడేవాడు. ఆ ఏడాది కోతలు ముగిసిన రోజు, భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ అడిగేశాడు.

"ఒడెట్, నన్ను చేసుకుంటావా?"

అందరం నమలడం ఆపేశాం. ఒడెట్ రొట్టె తుంచుతూనే జవాబిచ్చింది.

"చేసుకుంటాను. ఈసారి నా చెక్కలో కోసిన ద్రాక్ష వైనై, తాగడానికి వచ్చాక."

"అంటే మూడేళ్ళా?"

"మూడేళ్ళు ఆగలేనివాడివి మొగుడిగా ఏం పనికొస్తావు?"

బాతిస్త్ సంతోషంగా ఒప్పుకున్నాడు. అప్పటినుంచి వైను నిలవచేసే కొట్టులోకి వెళ్ళినప్పుడల్లా ఏటిచెక్క పీపాలను గుర్రాల్ని తట్టినట్టు తట్టి వచ్చేవాడు.

చలికాలం చివర్లో, ఆ కొట్టుకు పెద్ద అయిన తోజాన్ గారు ఒక్కో చెక్క వైనునూ విడివిడిగా రుచి చూసి, ఏది పెద్దదానిలోకో ఏది చిన్నదానిలోకో తేలుస్తారు. ఆ రోజు ఆయన బయటికొచ్చి ఒడెట్‌ని పిలిచారు.

"ఈసారి మీ ఏటిచెక్క పెద్దదానిలోకి వెళ్తోందమ్మా. అంత బాగా వచ్చింది."

ఒడెట్ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళు నిండాయి. పక్కనే పీపాకు ఇనుప పట్టీ బిగిస్తున్న బాతిస్త్ చేతిలోంచి సుత్తి జారిపోయింది.

మర్నాడు పొద్దున్నే బాతిస్త్ గడ్డం గీసుకుని, మంచి కోటు తొడుక్కుని తోజాన్ గారి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, ఆ చెక్కని చిన్నదానిలోకే దించండి."

"ఎందుకయ్యా?"

"నాకిప్పుడు అరవై రెండు."

సంగతంతా విన్నాక తోజాన్ గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారట. "పైకి ఎక్కించమని అడిగినవాళ్ళున్నారు గానీ, దించమన్నవాడివి నువ్వొక్కడివే. నా నాలుక చెప్పింది చెప్పిందే బాతిస్త్. నేనేం చెయ్యలేను."

మధ్యాహ్నానికి తోటంతా ఈ కబురే. ఒడెట్ నన్ను వెంటబెట్టుకుని బాతిస్త్ పనిచేసే చోటికి వెళ్ళింది.

"నా చెక్కకి వచ్చిన పేరు చెడగొట్టబోయావట?"

"పేరు నీకు, ఎనభై రెండేళ్ళు నాకు" అన్నాడాయన తలెత్తకుండా.

ఆమెకు నవ్వాగలేదు. బోర్లించిన పీపా మీద కూర్చుంది.

"నిజం చెప్పనా? ఆ రోజు భయమేసి గడువు పెట్టాను. ఒంటరి ఇంటికి అలవాటు పడిపోయాను. నీ గురకతో వేగగలనో లేదో అనుకున్నాను."

"నేను గురక పెట్టను."

"ఒంటరిగా పడుకునేవాడికి ఎవరు చెప్తారు?"

అప్పుడు తలెత్తి చూశాడు. "మరి ఇప్పుడేమంటావు?"

"ఇన్నేళ్ళూ నా చెక్క ఊరికే కూర్చుందా? నాలుగేళ్ళ కిందటి చిన్నది మా ఇంట్లో ఉంది. అందులోనూ నా ద్రాక్షే. జూన్‌లో చేసుకుందాం."

చెప్పినట్టే జూన్‌లో తోట పెరట్లో పెళ్ళి విందు జరిగింది. ఎండిన ద్రాక్ష పుల్లల మంట మీద మాంసం కాలుతుంటే, ముందు వేడివేడి సూపు వచ్చింది. చిన్నది సీసా తర్వాత సీసా ఖాళీ అవుతోంది. తోజాన్ గారు కానుకగా పెద్దది తెచ్చారు, ఎప్పటిదో మంచి ఏడాదిది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకొచ్చి, మెల్లగా మూత తీసి, ముందు పెళ్ళికొడుకు గ్లాసులో, తర్వాత పక్కనున్న నా గ్లాసులో తనే పోశారు.

బాతిస్త్ ఆ గ్లాసెత్తి, సూపు చివర్లో వైను కలుపుకుని తాగే మా ఊరి అలవాటు ప్రకారం, గిన్నెలో మిగిలిన సూపులో గుమ్మరించేశాడు. గిన్నెను గుండ్రంగా తిప్పి, రెండు చేతులా ఎత్తి తాగాడు. తోజాన్ గారు కళ్ళు మూసుకున్నారు.

"ఎలా ఉంది?" అని నీరసంగా అడిగారు.

"సూపులోకి చిన్నదే బాగుంటుందయ్యా" అన్నాడు బాతిస్త్ మీసం తుడుచుకుంటూ.

ఒడెట్ ఆ గిన్నె లాక్కుని, మిగిలింది తాగి, అవునన్నట్టు తలూపింది. నేను మాత్రం పెద్దదే బాగుందన్నాను. తోజాన్ గారు లేచి వచ్చి నా గ్లాసు మళ్ళీ నింపారు.