కుర్చీలో కూర్చున్న గంటలు

కొవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తరువాతి ఏడాది జనవరిలో నన్ను మలేషియా పట్టణమైన బంటింగ్‌లోని ఆరోగ్య కార్డు కార్యాలయంలో పరిశీలన గుమాస్తాగా వేశారు. హోదాలో నాకంటే కింద ఉన్నది జిరాక్స్ యంత్రం ఒక్కటే. లెక్కలు నేను కాలేజీలో చదువుకోలేదు. గ్లవుజుల ఫ్యాక్టరీ స్టోరులో సొంతంగా నేర్చుకున్నాను.

ప్రభుత్వ క్లినిక్కులో చూపించుకోవడానికి ఖర్చు ఎలాగూ స్వల్పమే. కంటి లెన్సు, క్లాంగ్ ఆసుపత్రికి వ్యాను వంటివి ఈ కార్డు భరించేది. ప్రయోగంగా మా పట్టణంలోనే నడిచేది. అరవై నిండనివాళ్లు ఉద్యోగమైనా చూపాలి, నెలకు ఎనిమిది గంటల స్వచ్ఛంద సేవైనా చూపాలి. ఆ సేవను పెన్యెలియా, అంటే పర్యవేక్షకుడు, ధ్రువీకరించాలి. వరుసగా రెండు నెలలు తప్పితే కార్డు రద్దు.

అప్పలనరసమ్మగారు పాత ఎస్టేటు గుమాస్తా భార్య; వీధివాళ్లకు ఆ మర్యాద ఇంకా పోలేదు. యాభై ఏడేళ్లు. కుడికంట్లో శుక్లం ముదిరింది, ఏప్రిల్‌లో ఆపరేషను. జనవరిలో ఆమె గంటలు సున్నా. ఫిబ్రవరి రెండో వారం వచ్చినా సున్నాయే. కార్డు పోతే లెన్సూ పోతుంది. అందుకని పిలిపించి, సేవకు ఎందుకు వెళ్లడం లేదని అడిగాను.

"ఎల్లకేటి బాబూ? పెతి ఆదివారం గోతోంగ్-రోయోంగ్‌కి ఎల్తన్నాను లా. సీపురు ముట్టుకోనిస్తే కదా!"

మాట చివర 'లా' ఇక్కడివాళ్ల ఊతపదం. గోతోంగ్-రోయోంగ్ అంటే వీధివాళ్లంతా కలిసి చేసే శ్రమదానం. నమ్మకం కుదరక ఆదివారం నేనే వెళ్లి చూశాను. ఆమె చీపురు అందుకుందో లేదో, పక్కింటి లారీ డ్రైవరు రవి లాక్కున్నాడు.

"అత్తా, నీ సేత వీధి ఊడిపించినానంటే మాయమ్మ నన్ను ఇంట్లోకి రానీదు. కూకో!"

ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, కప్పు మైలో వచ్చింది. ఆమె లేచి చెత్త సంచి పట్టుకోబోతే సెల్వి అనే తమిళావిడ "ఐయో, వేండాం అక్కా!" అని వద్దంటూ మళ్లీ కూర్చోబెట్టింది. ఈసారి బిస్కెట్లు కూడా వచ్చాయి. పర్యవేక్షకుడు రహీంగారు, కూర్చున్న గంటలను సేవగా రాయడం కుదరదని నాకు వివరించారు. వివరిస్తూనే ఆమెకు ఎండ తగలకుండా గొడుగు సర్దారు.

ఆమె నోరు మాత్రం కూర్చోలేదు.

"ఒరే రవీ, మట్టి ఆ సివర నుంచి తియ్యి! నీరు ఇటు పారతాది. సెల్వీ, సంచి మూతి కట్టు!"

ఒంటికంటితోనే వీధంతా నడిపించింది. మధ్యాహ్నానికి పూడుకున్న మురుగుకాలువ పారింది.

సోమవారం నిబంధనలు మొదటినుంచి చదివాను. పర్యవేక్షకులు పనిని నడిపించే గంటలు కూడా సేవే, వాటిని మా ఆఫీసే ధ్రువీకరిస్తుంది అని అందులో ఉంది. రహీంగారు మోకాళ్ల నొప్పితో ఆ బాధ్యత ఎప్పుడు వదులుదామా అని చూస్తున్నారు. ఆయన స్థానంలో ఆమె పేరు ప్రతిపాదించాను. పనిచేయని మనిషిని పనికి అధికారిగా వేస్తారా అని మా పైఅధికారిణి అడిగారు. మన ఆఫీసులో జరిగేది అదే కదా అని నోటిదాకా వచ్చింది. నియమం సంఖ్య మాత్రం చెప్పాను. సంతకం పెట్టారు.

మిగిలిన రెండు ఆదివారాలకు, నాలుగేసి గంటల చొప్పున, ఫిబ్రవరి సరిపోయింది. ఏప్రిల్‌లో లెన్సు వేశారు. మే నుంచి నా బల్ల మీదికి ఫిర్యాదులు మొదలయ్యాయి. రెండు కళ్లూ కనబడేసరికి ఎవరు ఎక్కడ నీడకు చేరుతున్నారో ఆమెకు తెలిసిపోయింది. గంటలు కోతపడ్డాయి. మొదటి ఫిర్యాదు రవిది.

మరుసటి ఏడాది యాభై అయిదు నిండగానే ముందస్తుగా రిటైరయ్యాను. ఉద్యోగం లేదు కాబట్టి నాకూ గంటలు కావలసివచ్చాయి. మొదటి ఆదివారం ఆమె వీధిలోనే నాలుగు గంటలున్నాను. కాలువ వాలు ఎంత ఉండాలో పారకు ఆనుకుని లెక్కవేశాను కూడా. ఆమె రెండే రాసింది. నేనే కదా మిమ్మల్ని ఈ పదవిలో వేయించిందని గుర్తుచేశాను.

"అవును బాబూ, మరిసిపోలేదు. మిగతా రెండు గంటలూ నిన్ను మోసింది పార. ఆటిని పార పేర రాయాల."

ఆ ఉదంతం నుంచి నేర్చుకున్నవి రెండు. సేవను గంటల్లో కొలిచే నియమం రాసేవాళ్లు, ఏ వీధిలో ఎవరి చేతికి చీపురు ఇవ్వరో ముందు కనుక్కోవాలి. పర్యవేక్షకులకు కంటి ఆపరేషను అయ్యేలోపు మనం మన గంటలు రాయించేసుకోవాలి.