పదిహేను తాడిచెట్ల ఎత్తు

అరవైల చివర్లో నేను భోగాపురం దగ్గర సముద్రపుటొడ్డు ఊళ్ళో బడిపంతుల్ని. ఒడ్డు మీదుగా ఏ విమానం పోయినా, ఎటు నుంచి ఎటు పోయింది, ఎంత ఎత్తులో పోయింది అని పోస్టాఫీసు ఫోనులో విశాఖకు చెప్పే పని కూడా నాకే అప్పగించారు. మరీ కిందుగా ఎగిరేవి రాడారుకు అందవట. ఆ లోటు మా కళ్ళు తీర్చాలి. అప్పుడు చూడాలి ఊళ్ళో నా దర్జా!

నిజానికి ఆ కళ్ళు నావి కావు, మా అమ్మవి. నేను పాఠం చెబుతుంటే ఆమె బడి వెనక మా వేరుశనగ చేలో కలుపు తీస్తూ, అందరికన్నా ముందు మోత పట్టేసేది. మా వైపు లోతు నిలువుల్లోనూ, ఎత్తు తాడిచెట్లలోనూ చెప్పడం అలవాటు. ఆమె ఇన్ని చెట్లంటే, చెట్టుకు అరవై అడుగులు వేసి నేను ఫోనులో చెప్పేవాణ్ణి. ఆమె ఊసు మాత్రం ఎక్కడా ఎత్తేవాణ్ణి కాదు.

ఒకరోజు మమ్మల్ని పరీక్షించడానికి విశాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. అంచనా తప్పితే ఈ పని పక్క ఊరికి ఇచ్చేస్తానన్నాడు. కాసేపటికి విమానం వచ్చింది.

"పదిహేను తాడిచెట్లురా!" అని అమ్మ గట్టు మీంచి కేకేసింది.

అంత పెద్ద అధికారి ముందు తాడిచెట్లేమిటని నాకు సిగ్గేసింది. నా బుద్ధి గడ్డి తిని, "రెండు వేల అడుగులు సార్" అనేశాను.

అమ్మ మట్టిచేతులతోనే వచ్చేసింది. "ఒరే, రెండేలేటిరా? నీ కళ్ళకేటయినాది? బాబూ, ఈడి మాటినకు. పదిహేను సెట్లే, రాసుకో!"

అధికారి నవ్వలేదు. చెట్టుకెన్ని అడుగులని నన్నడిగి, తొమ్మిది వందలని రాసుకుని, పోస్టాఫీసుకు నడిచి ఫోను చేశాడు. పైలట్ ఎగిరింది సరిగ్గా ఆ ఎత్తులోనేనట.

పని మా ఊళ్ళోనే ఉండిపోయింది. రిజిస్టరులో నా పేరు కొట్టేసి అమ్మ పేరు రాశాడు.

"మరి నా సేనెవుడు సూత్తాడు?" అంది అమ్మ.

"చేలోంచే చూడండమ్మా" అన్నాడాయన.

అమ్మ వేలిముద్ర వేసింది. అది ఆమెదేనని కింద సాక్షి సంతకం నేను చేశాను. తర్వాత హెడ్మాస్టరునై ఎన్ని కాగితాల మీద సంతకాలు చేశానో! అంత గర్వంగా మాత్రం మళ్ళీ చేయలేదు.