అత్తయ్యగారి 'ఆయ్'కి సరిపడా స్పీకర్లు

మా మావయ్యగారు పోయారు. కొత్తపేటలో పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ సౌండు సిస్టం అద్దెకిచ్చే మనిషి, చప్పుడు లేకుండా నిద్రలోనే వెళ్ళిపోయారు. కబురంది నేను అమలాపురం నుంచి వెళ్ళేసరికి, ఆటోకి కట్టిన మైకు ఆ సంగతి వీధివీధికీ చెబుతోంది. అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కుళాయి నీళ్ళ గురించేమో అనుకుని పక్కింటావిడ బిందె పట్టుకుని బయటికొచ్చింది. "ఎవడ్రా ఆ మైకు కట్టింది?" అంటూ మావయ్యగారు లేచి కూర్చుంటారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

స్పీకర్లు పెట్టాక ఆయన వేదిక దగ్గర ఉండేవారు కాదు. పందిరి చివర, గాడిపొయ్యి దగ్గర నిలబడి, "మంత్రం వినపడతందాండీ?" అని వంటాయన్ని అడిగేవారు. ఆయన "ఆయ్" అన్నాకే కాఫీ ముట్టేవారు. పలివెలలో ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి తాలూకు పెద్దమనిషి సౌండు బాగోలేదని ఊరికే సతాయిస్తుంటే, మావయ్యగారు దేనికీ తగిలించని ఒక మీటని భక్తిగా తిప్పి, "ఇప్పుడెలా ఉందండీ?" అన్నారు. "ఆయ్, ఇప్పుడు కుదిరిందండి" అన్నాడాయన.

నేను అమలాపురంలో చిన్న రికార్డింగు గది పెట్టుకున్నప్పుడు, మీ పెద్ద స్పీకర్లు రెండు ఇవ్వండి, వాడుకుంటానని అడిగాను. ఇవ్వనన్నారు.

"పెళ్ళి స్పీకరుకి లౌక్యం ఉండాల్రా. గొంతు ఎలా ఉన్నా బాగున్నట్టు ఊరికి చెప్పాలి. స్టూడియో స్పీకరుకి లౌక్యం ఉండకూడదు. నీ తప్పు నీ మొహం మీదే చెప్పాలి. సంబంధాలు కుదిర్చేవాణ్ణి తీసుకొచ్చి పరీక్ష పేపర్లు దిద్దమంటే అందరూ పాసేగా" అన్నారు.

సరే, కాకినాడ వెళ్ళి కొందామన్నాను, తానూ వస్తానన్నారు. అప్పటికి మావయ్యగారికి మస్కట్ నుంచి పిలుపు వచ్చి ఉంది. పెళ్ళయిన కొత్తలో కొన్నేళ్ళు పనిచేసిన హోటల్లోనే, మళ్ళీ హాలు సౌండు చూసుకునే పని. వీసా కూడా వచ్చేసింది. "మా ఆవిడ ఆయ్ అందండి" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నారు.

మావైపు 'ఆయ్' అంటే ఔనని బయటివాళ్ళు అనుకుంటారు. ఔనే. కానీ 'విన్నాను' అన్నా ఆయే, 'తమరి ఇష్టం' అన్నా ఆయే, 'ఎలా జరుగుతుందో నేనూ చూస్తాను' అన్నా ఆయే. ఈ తేడాలు తెలియక సంసారాల్లో బోల్తా పడ్డ మగవాళ్ళు మా ప్రాంతంలో కొల్లలు.

కాకినాడ దుకాణం ఆయన డప్పులు దద్దరిల్లే పాట పెట్టాడు. "పాట ఏ పెట్టెలో అయినా బావుంటదండి. మనిషి మాట పెట్టండి" అని మావయ్యగారు తన ఫోను ఇచ్చారు. స్పీకర్లు పరీక్షించడానికని ఇంట్లో ఆయన రికార్డు చేసిన మాటలవి. అత్తయ్యగారు కొబ్బరి కోరుతున్నారు.

"ఏవే, మా అక్కయ్య వచ్చి నాలుగు రోజులుంటదంట."

"ఆయ్."

"నేను మళ్ళీ మస్కట్ వెళ్ళొస్తానే మరి."

"ఆయ్."

వేదికల మీద పెట్టే పెద్ద స్పీకర్లలో రెండు ఆయ్‌లూ పెళ్ళివారికి ఎదురెళ్ళినంత నిండుగా పలికాయి. తర్వాత స్టూడియోవి, చిన్న జత, పెట్టించారు. మొదటి ఆయ్ తర్వాత కొబ్బరి కోరే చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది. ఆ అక్కయ్య మా అమ్మే కాబట్టి నేను పైకప్పుకేసి చూశాను. రెండో ఆయ్‌కి ముందు ఆ చప్పుడు ఆగిపోయింది. ఊపిరి ఏదో అడ్డుపడినట్టు తెగింది. ఆ తర్వాతే ఆయ్ వచ్చింది. మావయ్యగారు మళ్ళీ పెట్టించారు. మళ్ళీ విన్నారు.

"రికార్డింగులో ఏదో డిస్టర్బెన్సు ఉందండి" అన్నాడు దుకాణం ఆయన.

"లేదండి. అది మా ఆవిడండి" అన్నారు మావయ్యగారు.

ఆ జతే తీసుకోమన్నారు. బస్సులో ఎదుర్లంక వంతెన దాటేదాకా ఆ ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నారు. ఇంటికెళ్ళి చెప్పులైనా విడవకుండా, "నేను మస్కట్ వెళ్ళటం లేదే" అన్నారు.

"ఆయ్" అన్నారు అత్తయ్యగారు.

మావయ్యగారు కంగారుగా నాకేసి తిరిగి, "ఇది ఏ ఆయ్‌రా?" అన్నారు. స్పీకర్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

వచ్చిన వీసా వదులుకున్నాడని ఊళ్ళో నవ్వేరు. "చెవిలో పడ్డాక పడనట్టు ఉండలేంగదండీ" అనేవారు మావయ్యగారు. నా దగ్గర పాడేవాళ్ళకి వాళ్ళ శ్రుతి గురించి నిజం చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నాతో మాట్లాడటం మానేసిన గాయకులందరి తరఫునా ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

పెద్దకార్యం అయిన కొన్నాళ్ళకి అత్తయ్యగారు నా గదికి వచ్చారు. "ఆయన గొంతు నీ దగ్గరుందంట కదా నాన్నా" అన్నారు. అప్పట్లో ఆయన ఫోనులోంచి ఎక్కించుకున్న ఆ రికార్డింగే పెట్టాను. రెండు స్పీకర్లలో ఒకేలా వచ్చే మాట, రెండిటికీ నడుమ ఎవరో నిలబడి అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. అత్తయ్యగారు ఆ గోడనే చూస్తూ కూర్చున్నారు.

"నేను మళ్ళీ మస్కట్ వెళ్ళొస్తానే మరి" అన్నారు మావయ్యగారు.

కొబ్బరి కోరే చప్పుడు ఆగింది. ఆయ్ ఇంకా రాలేదు. అత్తయ్యగారు కొంచెం ముందుకి వంగి, ఆ గోడతో, "వద్దండి. వెళ్ళకండి" అన్నారు.