నిమ్మగింజలు తొక్కని రైలు

పెనుకొండలో బస్టాండు దగ్గర మా నాయనకు రేడియో, టేప్‌రికార్డర్ రిపేరు అంగడి ఉండేది. స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోకముందే రోగమేమిటో చెప్పేవాడు. టేప్‌రికార్డర్ బల్ల మీద పెట్టించి, బటన్ నొక్కించి, తల పక్కకు వాల్చి వినేవాడు. "మోటారు బాగుండాదప్పా. బెల్టుకు జిడ్డు పట్టి జారుతాండాది. అందుకే పాట సాగుతాండాది" అనేవాడు. దూదికి స్పిరిట్ అద్ది బెల్టు తుడిస్తే చాలు, పాట దారికొచ్చేది. ఆ తుడిచే పని నాది.

పదో తరగతిలో నాకు పాలిటెక్నిక్ పిచ్చి పట్టింది. స్పేర్ పార్టుల కోసం నాయనతో హిందూపురం పోయినప్పుడు, డ్రాయింగు గీసే డ్రాఫ్టర్లు భుజాన తగిలించుకుని పాలిటెక్నిక్ కాలేజీ నుంచి వస్తున్న ఆడపిల్లల్ని చూశాను. నేనూ ఎలక్ట్రానిక్స్ చదువుతానన్నాను. నాయన ఔననలేదు, కాదనలేదు. మా ఇంట్లో ఔనూ కాదూ రొద్దంలో ఉండేవి. అక్కడ సేద్యం చూసుకునే పెద్దనాయన మాటే మాట. నాయన అంగడి పెట్టుకున్న గది కూడా ఆయనదే.

"ఆడపిల్లకు మోటార్ల సదువేందిరా?" అన్నాడు పెద్దనాయన.

"పాప చేతిలో పని ఉండాదన్నా. నువ్వే సూడు" అన్నాడు నాయన. ఆయన ముందు నాయన అంత మాట అనడం అదే మొదటిసారి. చివరిసారి కూడా.

"అయితే ఆయుధ పూజకు వస్తా గదా. సొంతంగా ఏదన్నా చేసి చూపియ్యమను. అది ఆడితే హిందూపురం. ఆడకపోతే ఈడనే ఇంటరు." కోడిపందెం కాసినంత తేలిగ్గా తేల్చేశాడు.

నేను రైలు చేస్తానన్నాను. అప్పట్లో దొరికే ఆట రైళ్లకు చేతిలో ఒక డబ్బా, దాన్నుంచి రైలు దాకా వైరు ఉండేవి. మేకను తోలుకుపోతున్నట్టు దాని వెంట నడవాలి. అదేం రైలు? రైలన్నాక తన బలం తన కడుపులోనే పెట్టుకుని పోవాలి. స్ప్రింగు తెగిపోయిన ఒక కీ రైలు మా ఇంట్లో ఉండేది. దాని పొట్ట ఖాళీ చేశాను. ఎవరో రిపేరుకిచ్చి మళ్లీ రాని వాక్‌మన్‌లోంచి మోటారు తీశాను. మోటారుకూ ఇరుసుకూ మధ్య చిన్న రబ్బరు బెల్టు వేశాను. రెండు పెన్సిల్ సెల్లులు మొదట వెనక పెట్టెలో పెట్టాను. ఇంజను తేలికైపోయి, చక్రాలు నున్నటి గచ్చు మీద ఊరికే తిరిగాయి కానీ రైలు కదల్లేదు. వాటిని తెచ్చి సరిగ్గా చక్రాల మీదుగా ఇంజనులోనే పడుకోబెట్టాను. చక్రాలకు సైకిలు ట్యూబు ముక్కలు తొడిగాను. ఇప్పుడు సెల్లుల బరువే పట్టు ఇచ్చింది. ఎక్కడా వైరు లేకుండా అంగడి ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి కొట్టుకుంది. నాయన వచ్చిన ప్రతి ఒక్కరికీ దాన్ని ఆడించి చూపించాడు. నా జన్మలో అంత సంతోషంగా ఉన్న రోజులు ఎక్కువ లేవు.

ఆయుధ పూజ నాడు అంగడి కడిగి, పనిముట్లన్నీ పటాల ముందు పేర్చాం. ఒకసారి పూజలో పెట్టాక మరునాటి దాకా ఏ పనిముట్టూ ముట్టకూడదు. స్క్రూడ్రైవరైనా సరే, సోల్డరింగ్ కడ్డీ అయినా సరే. బండ్లకు మాత్రం పూజ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు కదిలిస్తారు. రైలూ బండే కాబట్టి దాన్నీ అలాగే కదిలించాలన్నాడు నాయన. నిమ్మకాయ రైలుకంటే ఎత్తుంది. మా అవ్వ, నాయన వాళ్లమ్మ, ఒక కాయ కోసి, రెండు గింజలు తీసి చక్రాల ముందు పెట్టింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హారతి అయింది. పెద్దనాయన గుమ్మడికాయ కొట్టి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను స్విచ్ నొక్కాను. మోటారు గుయ్యిమంది. చక్రాలు కదల్లేదు. మళ్లీ నొక్కాను. గుయ్యిమంటూనే ఉంది, రైలు గింజల ముందు అలాగే నిలబడి ఉంది.

వంగి చూశాను. ఇంజను అడుగంతా ఎర్రటి జిడ్డు. కుట్టు మిషనుకూ తిరగలికీ పెట్టినట్టే, అవ్వ నువ్వుల నూనెలో కుంకుమ కలిపి రైలుకూ భక్తిగా పూసింది. అది బెల్టుకు తగిలింది.

"నూనెకు బెల్టు జారుతాంది పెద్దనాయనా. విప్పి తుడిస్తే పోతాది" అన్నాను.

"పూజలో పెట్టింది విప్పుతావా? ఆడలేక మద్దెల ఓడన్నాడంట!" అన్నాడు పెద్దనాయన. వచ్చినవాళ్లంతా పగలబడి నవ్వారు. అవ్వకు విషయం అర్థం కాలేదు. తన వల్లే అని చెబితే ఏడుస్తుందని నేనూ గట్టిగా అనలేదు.

నాయన వైపు చూశాను. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. నాయన తల పక్కకు వాల్చి ఉన్నాడు. తర్వాత తల దించుకుని అందరికీ మరమరాలు పంచాడు.

మర్నాడు పొద్దున పునఃపూజ కాగానే విప్పి, స్పిరిట్‌తో తుడిచాను. రైలు గింజలు తొక్కుకుంటూ వాకిలి దాకా పోయింది. "బాగుండాది. ఎత్తి పెట్టు" అన్నాడు నాయన. పెద్దనాయన అప్పటికే రొద్దం బస్సెక్కేశాడు. ఆయనతో చెప్పమని బతిమాలాను. "చూద్దాం లేమ్మా" అన్నాడు. ఆ చూద్దాంలోనే అప్లికేషన్ల గడువు దాటింది, ఇంటరు అయిపోయింది, ధర్మవరంలో మగ్గాలవాళ్లింటికి నా పెళ్లీ అయిపోయింది. రైలు ఎక్కడ పోయిందో తెలియదు.

చాలా ఏళ్లకు, టేప్‌రికార్డర్లు అడిగేవాళ్లు లేక అంగడి మూసేశాక, నాయన మా ఇంటికి వచ్చాడు. మధ్య గదిలో నేను పట్టు నూలు కండెలకు చుట్టే మోటారు రాట్నం వేశాను. మోటారు తిరుగుతోంది, కండె తిరగడం లేదు. నాయన బయట అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. అక్కడి నుంచి లోపలికి చూపు ఆనదు.

"బెల్టు జారుతాందమ్మా. చమురు తగిలినట్టుండాది" అన్నాడు, తల కూడా తిప్పకుండా.

దూది పట్టుకుని గడప దాకా వచ్చాను. "ఆ పొద్దు గూడా ఇనపడిందా నాయనా?"

ఏ పొద్దని ఆయన అడగలేదు. గ్లాసు కింద పెట్టాడు. "ఇనపడిందమ్మా. మీ పెద్దనాయన ఎదురుగా కూచోనుండె గదా..."

పెద్దనాయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయనకు బెల్టంటే ఏమిటో తెలియదు. తెలిసినవాడు ఇదుగో, నా అరుగు మీద కూర్చుని నా ఇంటి కాఫీ తాగుతున్నాడు. మోటారు బాగుంది, బెల్టు జారుతోంది అనే మాట పెనుకొండలో దారినపోయే ప్రతివాడి టేప్‌రికార్డర్‌కూ చెప్పాడు. నా రైలుకు మాత్రం చెప్పలేదు.