న్యాయమూర్తి వేషం

కాఫ్ పట్టణంలో పాత ఆలివ్ గానుగను నాటకశాలగా మార్చుకున్న సంఘం ఒకటి ఉంది. దానికి పెద్ద మోంజియా. పొద్దున పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుంటుంది, సాయంత్రం గానుగ తాళం తీస్తుంది. అక్కడ ఎవరికీ జీతం లేదు, ఆమెకూ లేదు. వచ్చిందంతా దీపాలకు, చెక్కకు, బట్టకు పోతుంది. నేల ఊడవడం, ఆడపిల్లల్ని పంపమని తండ్రులను బతిమాలడం, మునిసిపాలిటీ వరండాలో నిలబడడం... పెద్దరికమంటే ఇవేనని ఆమె చాలాకాలం అనుకుంది.

ఈ శీతాకాలం ఇంకొకటి వచ్చి చేరింది. హెదీ బాబాయ్ మాటలు మరచిపోతున్నాడు.

సంఘం పెట్టింది ఆయనే. బడిలో లెక్కలు చెప్పి వచ్చి ఈ గోడలకు సున్నం కొట్టాడు. రంగస్థలం మీద ఎలా నిలబడాలో మోంజియాకు నేర్పాడు. తెర వెనక నుంచి మాట అందించే మనిషిని మాత్రం ఏనాడూ పెట్టనివ్వలేదు. దారి తప్పినవాణ్ణి పక్కనున్నవాడే వెనక్కి తేవాలి, అదే ఆయన పద్ధతి.

కొత్త నాటకంలో ఆయన న్యాయమూర్తి. గొర్రెను దొంగిలించిందని నింద పడ్డ పిల్లగా రీమ్ వేసింది. మొదటి ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం. బెంచీలు నిండాయి. తీర్పు చెప్పవలసిన చోట హెదీ ఆగాడు. గొంతు మెత్తబడింది.

"బావిలో నీళ్లున్నాయా తల్లీ?"

అది ఏనాటిదో పాత నాటకంలోని మాట. తెర పక్కన నిలబడ్డ మోంజియా దాన్ని గుర్తుపట్టింది.

రీమ్ రెప్ప వేయలేదు. "ఉండేవయ్యా. ఆ గొర్రె తాగేసింది. నన్నెందుకు, దాన్నే అడగండి."

జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వులో హెదీ తన దారికి వచ్చి తీర్పు చెప్పాడు.

నాటకం అయ్యాక అందరూ ఆయన చుట్టూ చేరారు. "ఏం తెలివి బాబాయ్, ఆ బావి మాట!" అన్నాడు రొట్టెల కొట్టు నూరుద్దీన్. "మాకు రిహార్సల్లో చూపించకుండా దాచుకున్నావు కదూ, దొంగా!"

రీమ్ ఒక మూల నిలబడి ఉంది. "అక్కా, మళ్లీసారి నాకు మాట తట్టకపోతే?" అంది మోంజియాతో, మెల్లగా.

ఊరంతా మెచ్చుకున్న రోజున వేషం మానమని చెప్పడమెలా? చెప్పకుండా ఇంకో వారం గడపడమెలా? అందరూ వెళ్లేదాకా మోంజియా బెంచీలు సర్దుతూనే ఉంది. హెదీ ముఖానికి నూనె రాసుకుని రంగు తుడుచుకుంటున్నాడు.

"బాబాయ్..."

"ఆ చోట నవ్వు లేదు," అన్నాడాయన అద్దంలోకి చూస్తూ. "తీర్పు దగ్గర జనం గమ్మునుండాలి. ఇవాళ నవ్వారు. నేనేమన్నాను?"

అబద్ధం ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది. చెప్పింది.

ఆయన గుడ్డ మడిచాడు, మళ్లీ విప్పాడు. "బావి నాటకం. అందులో నువ్వు నా కూతురివి."

"అవును."

"వేషం ఎవరికిస్తున్నావు?"

"నూరుద్దీన్‌కి."

"వాడా? రొట్టె పిసికినట్టు మాట్లాడతాడే!"

"నేర్పుదువు గానీ."

"నన్ను దింపేది నువ్వు. వాణ్ణి ఎక్కించే పని కూడా నామీదే పెడతావా?" గొంతులో కోపం ఉంది. ఆయన కోటు వేసుకుని వెళ్లిపోయాడు.

మంగళవారం రిహార్సల్‌కు ఆయన రాలేదు. గురువారమూ రాలేదు. సంఘంలో ఇద్దరు మోంజియాతో మాట్లాడడం మానేశారు. పై ఆదివారం ఆమె తలుపు దగ్గర నిలబడి జనాన్ని లోపలికి పంపుతోంది. వాళ్లలో హెదీ లేడు. ఆమె మరి కాస్సేపు వీధిలోకి చూసింది. తర్వాత తలుపు మూసి, మొదలుపెట్టమంది.