వీర భయపడింది గొర్రెలకు కాదు

2023 ఎండాకాలం. కంబదూరు పక్క పల్లెల్లో శెనక్కాయ చేలన్నీ ఖాళీగా పడి, తొలకరి కోసం చూస్తాండే రోజులు. ఆ కాలంలో రైతులు గొర్రెల మందను పిలిపించి రాత్రిళ్లు తమ చేలో పడుకోబెట్టుకుంటారు. పెంట, ఉచ్చ నేలలో కలిసి ఎరువవుతుంది. ఏ చేలో మంద పడుకోవాలో చివరి మాట మాత్రం గొర్లకాపరిదే. ఫలానా చేలో కుక్క బెడద ఉండాదని తెలిస్తే ఆ పక్కకే మంద తోలడు. శేఖర్ రెడ్డి అనే రైతు నాకు ఫోన్ చేసిన కథకు మొదలు అక్కడే.

నేను కుక్కలకు శిక్షణ ఇస్తాను. బడికి పోయినదాన్ని కాదు. చదవడం, రాయడం మా నాయన ఇంట్లోనే నేర్పించినాడు. కుక్కల పని మాత్రం పుట్టపర్తిలో ఒక పెద్దావిడ ఇంట్లో పనికి కుదిరి, ఆమె కుక్కలను చూసుకుంటూ నేర్చుకున్నాను. ఆమె తన పుస్తకాలు నా చేత చదివించి, అర్థం కానిచోట విడమర్చి చెప్పేది. ఈ పని ఈ రోజు నాకు అన్నం పెడుతోందంటే అది వాళ్లిద్దరి పుణ్యం. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఇద్దరినీ తలుచుకుంటాను.

శేఖరన్న ఫోన్‌లో చెప్పింది ఇది. ఆయన కుక్క వీర, ముధోళ్ జాతిది. సన్నగా, పొడుగ్గా, కంటికి ఏది పరుగెత్తినా దాని వెనక పడే రకం. ఈ గుణాన్ని మా పనిలో ప్రే డ్రైవ్ అంటారు, అంటే వేట తపన. అది ఓబులేసు అనే కాపరి మందలో ఒక గొర్రెపిల్లను పట్టి చంపింది. మీ చేలో ఇక మంద పెట్టనని ఓబులేసు తేల్చి చెప్పినాడు. శేఖరన్న ఆన్‌లైన్‌లో రిమోట్ కాలర్ తెప్పించినాడు. కుక్క మెడ పట్టీకి చిన్న పెట్టె ఉంటుంది, మన చేతిలో రిమోట్ ఉంటుంది. మీట నొక్కితే మెడ దగ్గర కరెంటు చురుక్కుమంటుంది. వీరను మంద దగ్గరికి తీసుకుపోయి, అది గొర్రెల పక్క అడుగేసినప్పుడల్లా ఆయన మీట నొక్కినాడు. కొద్ది రోజుల్లోనే వీర మంద పక్క చూడడం మానేసింది. ఓబులేసు సరేనని మందను తోలుకొచ్చినాడు.

అంతా బాగుందనుకునేలోపల, వీర ఇంట్లో శేఖరన్న వాళ్లమ్మ నారాయణమ్మను చేతి మీద కరిచింది.

"కుక్కకు పిచ్చి లేదని డాక్టరు చెప్పినాడమ్మా. టీకాలన్నీ వేయించినాను. ఊర్లో ఎవురూ నమ్మడం లేదు, కొట్టి చంపేయమంటాండారు," అన్నాడు. "నువ్వొచ్చి చూడు. ఇది ఇంక ఇంట్లో పనికిరాదని నువ్వంటే, ఆ పని నేనే చేస్తా. ఇంకొకరి చేతికి ఇయ్యను."

ఆ మాట విన్నాక మరుసటి రోజే బస్సెక్కినాను.

నేను పోయేసరికి మధ్యాహ్నం దాటింది. వీర వరండాలో గొలుసుకు కట్టేసి ఉండాది. నా చెయ్యి వాసన చూసి, నేను పెట్టింది తిని, పక్కనే పడుకుంది. నారాయణమ్మవ్వ చేతికి కట్టుతో గడపలో కూర్చుని నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసింది.

"నన్ను కరిచినోడు నీకాడ పిల్లి మాదిరి పడుకున్నాడే. ఏం మందు పెట్టినావమ్మా?"

"మందు కాదవ్వా, ఉడకబెట్టిన గుడ్డు."

"అయితే తప్పు నాదే. నేను గుడ్డు ముట్టను కదా," అని నవ్వింది. కరిచిన కుక్క మీద ఆమెకు కోపం లేదని అప్పుడే అర్థమైంది. నాకు సగం ధైర్యం వచ్చింది.

సాయంత్రందాకా ఏమీ జరగలేదు. దీపాలు పెట్టే వేళ అవ్వ దేవునింట్లోకి పోయింది. నేనూ గడప దగ్గర నిలబడి కళ్లు మూసుకున్నాను. గంట మోగింది. వెనక గొలుసు గలగలమంటే తిరిగి చూసినాను. వీర గోడకు అతుక్కుపోయి, చెవులు వెనక్కి వాల్చి, నిలుచున్నచోటే ఉచ్చ పోసుకుంటాండాది. అవ్వ ఒక చేత్తో హారతి, ఒక చేత్తో గంట పట్టుకుని తులసికోట దగ్గరికి పోవాలని వరండాలోకి వస్తాండాది. నేను అడ్డం పోయి ఆమె చేతిలో గంటను పట్టేసినాను. అపచారమే. దేవుడు మన్నించినాడనే అనుకుంటాను.

కరిచిన రోజు ఏం జరిగిందని అడిగితే, ఇదే జరిగిందని అవ్వ చెప్పింది. గంట వాయిస్తూ కుక్క పక్కనుంచి పోతాంటే నోరు పెట్టిందట. గొలుసు ఉంది కాబట్టి దానికి పారిపోయే దారి లేదు.

మరుసటి రోజు పొద్దున శేఖరన్నను, వీరను తీసుకుని మంద దగ్గరికి పోయినాను. మందకు ముందు నడిచే పొట్టేలు మెడలో ఇత్తడి గంట ఉండాది. ఓబులేసన్నను రెండు పనులు చేయమని బతిమాలుకున్నాను. మొదట, గంటను విప్పి, గొర్రెలు కనబడకుండా మోటారు కొట్టం గోడ వెనక నిలబడి ఊపమన్నాను. వీర తోక ముడిచి, నా కాళ్ల మధ్య దూరి వణికింది. తర్వాత గంట లేకుండా పొట్టేలును కాస్త దూరంలో నడిపించమన్నాను. వీర చెవులు నిక్కబొడిచి, తాడు తెగేటట్లు దాని పక్కకే లాగింది.

ఓబులేసన్న చేతిలోని గంటను ఒకసారి, వీరను ఒకసారి చూసినాడు. "అంటే ఇన్నాళ్లూ ఇది భయపడింది నా గొర్లకు కాదాప్పా? ఈ గంట తెగి యాడన్నా పడిపోయింటే నా మంద గతి ఏమి?"

జరిగింది ఇంతే. వీర అడుగు ముందుకేస్తే పొట్టేలు బెదిరి కదిలేది. గంట మోగేది. శేఖరన్న మీట నొక్కేవాడు. గొర్రె జోలికి పోతే నొప్పి అని ఆయన నేర్పించాననుకున్నాడు. గంట మోగితే నొప్పి అని అది నేర్చుకుంది.

శేఖరన్న ఒప్పుకోలేదు. బెంగళూరులో ఒకాయన ఇదే కాలర్‌తో కుక్కలను బంగారంలా తయారు చేయడం ఫోన్‌లో చూసినానన్నాడు. తప్పు కాలర్‌దా, వాడిన చేతిదా అని నిలదీసినాడు. న్యాయమైన ప్రశ్నే. అట్లా వాడేవాళ్లను ఒకరిని నేనూ చూసినాను. కుక్క ఏం చేయాలో ముందు తిండితో నేర్పించి, తర్వాత దాని చెవి మాత్రం కదిలేంత తక్కువ కరెంటుతోనే కాలర్ వాడేవాడు. ఆయన కుక్క తోక ఊపుతూనే పని చేసేది, అది అబద్ధమని చెప్పలేను. నొప్పి అసలు అక్కరలేదని వాదించేవాళ్లూ ఉన్నారు, కొన్ని దేశాల్లో ఈ కాలర్‌ను నిషేధించినారు కూడా. నేను ఈ రెండో పక్క మనిషిని. ఆ రోజు అదంతా చెప్పలేదు. ఒక్కటే అడిగినాను.

"అన్నా, నువ్వు నొక్కినప్పుడు వీర దేన్ని చూస్తాండె?"

"గొర్రెను."

"చూసినావా, అనుకున్నావా?"

"తెల్దమ్మా," అన్నాడు. "నేను రిమోట్‌ను చూస్తాంటి."

ఇక చేయవలసింది కౌంటర్ కండిషనింగ్. భయపెట్టే శబ్దం వెనకే ఇష్టమైన తిండి వచ్చేటట్లు చేసి, ఆ శబ్దానికి ఉన్న అర్థాన్ని మెల్లగా మార్చడం. దానికి మొదటి షరతు, మధ్యలో ఎవరూ పెద్దగా గంట కొట్టకూడదు. ఒక ముసలామెను పూజలో గంట మానుకోమని ఎట్లా అడిగేది? నాకే నోరు రాక ఆ మాట అటూ ఇటూ తిప్పుతాంటే, అవ్వే అందుకుంది.

"దేవునికేమన్నా చెవుడా? మెల్లగా పిలిస్తే పలకడా?"

గుడ్డ చుట్టిన గంటను దూరంగా ఒకసారి కదిలించడం, వెంటనే తిండి పెట్టడం. అక్కడ మొదలుపెట్టినాము. నేను వారానికోసారి పోయేదాన్ని, మిగతా రోజులు అవ్వే చేసేది. గుడ్డు ముట్టదు కాబట్టి ఎండుకొబ్బరి ముక్కలు పెట్టింది. మొదట్లో నైవేద్యం వేరే, కుక్క ముక్క వేరే అని రెండు గిన్నెలు ఉండేవి. తర్వాత ఒకటే గిన్నె అయింది. నేనేమీ అనలేదు, ఆమె కూడా చెప్పలేదు. నడుమ ఒక పండగనాడు ఇంటికొచ్చిన చుట్టాలు తెలియక గట్టిగా గంట కొట్టినారు. వీర రోజంతా మంచం కింద నుంచి రాలేదు. మళ్లీ మొదటికొచ్చి, ఇంకా మెల్లగా పోయినాము. వానాకాలం అయిపోయేనాటికి అవ్వ గుడ్డ తీసేసి మామూలుగా గంట వాయించింది. వీర వచ్చి గడప అవతల కూర్చుని ఆమె చేతి పక్క చూసింది. ఆ రోజు నేను అక్కడే ఉండడం నా అదృష్టం.

గొర్రెల సంగతి ఇంత బాగా జరగలేదు, అది కూడా చెప్పాలి. లాంగ్ లైన్ అంటే పొడుగు తాడు కట్టి, మందకు చాలా దూరంలో మొదలుపెట్టినాము. గొర్రెను చూసి, తిరిగి యజమాని మొహం చూస్తే తిండి. శేఖరన్న ఓపికగా చేసినాడు. అయినా పరుగెత్తే గొర్రె ముందు ముధోళ్‌ను తాడు లేకుండా వదిలే రోజు వస్తుందని నేను మాట ఇవ్వలేదు.

2024లో మళ్లీ ఎండలు ముదిరినాక ఓబులేసన్న తన కళ్లతో చూస్తేగానీ మంద తోలనన్నాడు. మందను చేను గట్టు దాకా తెచ్చి నిలబెట్టినాడు. పొట్టేలు తల విదిలిస్తే గంట మోగింది. వీర బిగుసుకుని ఒక అడుగు ముందుకేసింది. ఆగింది. వెనక్కి తిరిగి శేఖరన్న మొహం పక్క చూసింది. ఆ గాబరాలో ఆయన జేబులో ముక్కలు తేవడం మరిచినాడు. పక్కన పెట్టుకున్న సద్దిలో నుంచి సంగటి ముద్ద తుంచి పెట్టినాడు.

"ఉండనీలే అన్నా దాన్ని," అన్నాడు ఓబులేసు. "మంద ఉన్నన్నాళ్లు తాడు మాత్రం ఇడ్సొద్దు."

ఆ షరతు మీదే వీర బతికి ఉండాది. మంద వచ్చిన రాత్రిళ్లు మోటారు కొట్టంలో కట్టేసి పడుకుంటుంది.

రిమోట్ కాలర్ మంచిదా చెడ్డదా అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. నొప్పితో చెప్తే కుక్క ఏదో ఒకటి తప్పకుండా నేర్చుకుంటుంది, కానీ ఏం నేర్చుకుందో మనకు చెప్పదు. ఎవరో ఒకరికి గాయమైతేగానీ మనకు తెలియదు. తిండితో నేర్పినప్పుడు కూడా తప్పులు జరుగుతాయి. ఆ తప్పులకు ఇంతవరకూ నా చేతిలో ఎవరికీ కట్లు కట్టవలసి రాలేదు. అందుకు రోజూ ఆ పైవాడికి దండం పెట్టుకుంటాను.