మిలటరీ జీపుకు కొత్త టైర్లు

నార్పోలిలో కనుకయ్య సేటు షెడ్డు బోసిపోయి ఎనిమిది నెలలైంది. ఇరవై నాలుగు సాంచాలను, అదే మరమగ్గాలను, కొడుకు భూషణ్ తుక్కు కింద తూకానికి అమ్మేశాడు. షెడ్డును గోదాముకు అద్దెకిచ్చాడు. ఇక మిగిలింది మూలన ఇటుకల మీద నిలబెట్టిన మిలటరీ జీపు ఒక్కటే. రేపు పొద్దున గోదాము వాళ్ల చేతికి తాళాలివ్వాలి.

"బాపూ, గా జీపు పొద్దుగూకే దాక నడిచి బయటికొస్తె ఉంచుకుందాం. లేకపోతె భంగార్‌వాలాను పిలుస్త" అని భూషణ్ తేల్చి చెప్పాడు.

డెబ్బై ఒక్కేళ్ల కనుకయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. తుక్కువాడికా! అదేం ఆషామాషీ బండి అనుకున్నారు? దేవ్లాలీలో మిలటరీవాళ్లు వేలం వేస్తే పాడి తెచ్చుకున్నది. పైన టాపు లేదు, కసారా ఘాట్‌లో ఒకటే వాన. పక్కన ఓదెలు బండి నడుపుతుంటే, కనుకయ్య నెత్తిన గోనెసంచి కప్పుకుని పెళ్లికొడుకులా ఊళ్లో దిగాడు. పెళ్లాం చంద్రవ్వ దిష్టి తీస్తూ, "నూలు తేను పోతవా, యుద్ధానికి పోతవా?" అని పకపకా నవ్వింది.

ఓదెలంటే కనుకయ్య దగ్గర మొట్టమొదట కూలికి చేరినవాడు. పొద్దంతా సాంచా నడిపేవాడు, పిలిస్తే జీపు నడిపేవాడు. సద్దుల బతుకమ్మ నాడు పదకొండు మంది ఆడవాళ్లు ఒళ్లో బతుకమ్మలు పెట్టుకుని ఆ జీపులోనే ఇరుక్కుని చెరువుకు పోయేవాళ్లు. వాళ్ల పాటకు తాళంగా ఓదెలు హారన్ కొడుతుంటే బజారు బజారంతా వాకిళ్లలోకి వచ్చి చూసేది. ఆ రోజులే వేరు! తలుచుకుంటే కనుకయ్యకు ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

ఇంజన్‌కు ఏ రోగమూ లేదు. సాంచాలకు సెలవైన ప్రతి శుక్రవారం దాన్ని స్టార్ట్ చేసి, కాసేపు దాని మాట విని, ఆపేసేవాడు. టైర్లే బీటలు వారి పిండైపోయాయి. నాగావ్‌లో టైర్ల దుకాణం రూపేష్ ఎక్కడెక్కడో వెతికి, ఆ సైజువి నాలుగు పట్టుకొచ్చాడు. కుడివైపు రెండూ అరగంటలో ఎక్కాయి. ఎడమవైపుకు వచ్చేసరికి నట్లు మొండికేశాయి. రూపేష్ పానాకు పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. టప్పున ఒక బోల్టు విరిగింది.

"గ్యాస్ కటర్ పెట్టి కోసుడే కాకా" అన్నాడు రూపేష్.

"ఆగు, ఆగు. దీనికేదో కిటుకుంది. నోటి దాక వస్తంది, యాదికొస్త లేదు."

కిటుకు తెలిసింది ఓదెలుకే. అతనికి ఫోన్ చేయాలంటేనే కనుకయ్యకు చేతులు రాలేదు. సాంచాలు పోయాక ఓదెలు కాల్హేర్‌లో గోదాము మూటలెత్తే పనికి కుదిరాడు, అరవై ఏళ్ల వయసులో. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా కనుకయ్య అటువైపు పోలేదు. గడియారం చూస్తే ఒంటిగంట. సిగ్గు మింగి ఫోన్ చేశాడు.

ఓదెలు ఆటోలో దిగి, చక్రాన్ని చూసి నవ్వాడు. "మర్సినవా సేటూ? గిది మన జోడీ సాంచాల లెక్క. నడుమ నిలబడితె ఒకదాని పిడి కుడిచేతికి, ఇంకోదానిది ఎడమచేతికి. దీనికి గట్లనే, ఎడమ చక్రం నట్లు ఉల్టా తిరుగుతయ్."

పానా అటువైపు తిప్పాడు. కిర్రుమంటూ నట్టు వదిలింది.

"నా అకల్ మండ!" అని రూపేష్ తన నెత్తిన తానే మొట్టుకున్నాడు. ఇంకో గంటలో నాలుగు టైర్లూ నేలను తాకాయి. విరిగినది పోను ఆ చక్రానికి మిగిలిన నాలుగు బోల్టులతో మెల్లగా పోవచ్చన్నాడు ఓదెలు. కనుకయ్య తాళం తిప్పాడు. జీపు దగ్గి, ఊగి, గడప దాటి ఎండలోకి వచ్చింది.

"గెలిచినంరా ఓదెలూ!" కనుకయ్య చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఓదెలు చేతులు తుడుచుకుంటూ ఖాళీ షెడ్డులోకి చూస్తున్నాడు. "ఇరవై నాలుగు సాంచాలు పోంగ పిలువలే సేటూ. నాలుగు టైర్లకు పిలిచినవ్."

గొంతులో కోపం లేదు. కోపముంటేనే బాగుండేది. కనుకయ్య సంతోషమంతా చప్పున చల్లారిపోయింది.

"ఏ మొఖం పెట్టుకుని పిలువాలెరా? పిల్లగాడు అమ్ముతుంటె నేను అడ్డం పడలే." అంతే, ఇక ఆగలేక స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేశాడు.

ఓదెలు పానాను రూపేష్ చేతిలో పెట్టాడు. తర్వాత, "జర తొందరగ పోవాలె సేటూ, గంట సేపే సుట్టీ ఇచ్చిండు మా గోదాము మేస్త్రి ముకద్దం. నేనొచ్చి ఇప్పటికే రెండు గంటలు గడిచె" అన్నాడు.

"ఎక్కు."

ఎన్నడూ డ్రైవర్ సీటు తప్ప ఎరగని ఓదెలు ఆ రోజు పక్క సీట్లో కూర్చున్నాడు. కనుకయ్య కొత్త టైర్ల మీద మెల్లగా నడుపుకుంటూ పోయి, కాల్హేర్ గోదాము గేటు దగ్గర అతన్ని మూటలు మోయడానికి దింపాడు.